ఒకే ప్రయాణం, రెండు నిర్ణయాలు: మార్బర్గ్ రోజుల్లో కిగాలీకి బయల్దేరిన జంట – కేస్ స్టడీ

2024 సెప్టెంబర్ 27న రువాండా ప్రభుత్వం తమ దేశంలో మార్బర్గ్ వైరస్ వ్యాధి బయటపడిందని ప్రకటించింది. అక్టోబర్ 8న ఒక జంట మా ట్రావెల్ క్లినిక్‌కి వచ్చింది. ఆ నెల 24న ఇద్దరూ రువాండా రాజధాని కిగాలీ వెళ్ళాలి. టికెట్లు వేసవిలోనే తీసుకున్నారు. ఆమె అనస్థీషియా వైద్యురాలు. అక్కడి ఒక బోధనాసుపత్రిలో రెండు వారాలు జూనియర్ డాక్టర్లకు శిక్షణ ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కిగాలీలోని భాగస్వామి కంపెనీతో సమావేశాలున్నాయి. ఇద్దరి అనుమతితోనే, ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

కూర్చోగానే ఆయన అడిగారు: "డాక్టరు గారూ, రువాండా సేఫేనా, కాదా? ఒక్క మాటలో చెప్పండి."

కొత్త వ్యాధి ఎక్కడ తలెత్తినా మా దగ్గరికి వచ్చే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పే డాక్టర్ని నేనైతే నమ్మను. వీళ్ళిద్దరూ ఎక్కేది ఒకే విమానం, దిగేది ఒకే హోటల్ గది. అయినా వాళ్ళకున్న ముప్పు ఒకటి కాదు. ప్రమాదం దేశానిది అనుకుంటాం, నిజానికి అది అక్కడ మనం చేసే పనిది.

అప్పటికి తెలిసిన సంగతులు

సెప్టెంబర్ 29 నాటికి 26 మందికి వ్యాధి నిర్ధారణ అయింది, వాళ్ళలో 8 మంది చనిపోయారు. దాదాపు 300 మంది కాంటాక్టుల మీద, అంటే రోగులతో దగ్గరగా మసిలినవాళ్ళ మీద, నిఘా పెట్టారు. వీళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి కేసులు 50 దాటాయి. కానీ నా దృష్టి ఆగింది వేరే అంకె దగ్గర: జబ్బుపడ్డవాళ్ళలో 70 శాతానికి పైగా వైద్య సిబ్బంది. అందులోనూ ఎక్కువమంది కిగాలీలోని రెండు ఆసుపత్రులకు చెందినవాళ్ళు. అంటే వైరస్ బజార్లోనో బస్సులోనో తిరగడం లేదు, ఆసుపత్రి మంచాల చుట్టూ తిరుగుతోంది.

అది ఈ వైరస్ స్వభావమే. మార్బర్గ్ ఎబోలాకు దగ్గరి చుట్టం. రోగి రక్తం, వాంతి, విరేచనం లాంటివి మన కంటికో, నోటికో, చర్మం మీది గీతకో తగిలితే అంటుకుంటుంది. లక్షణాలు మొదలవకముందు ఇంకొకరికి సోకదు. జబ్బు ముదిరేకొద్దీ ఒంట్లో వైరస్ పెరుగుతూ పోతుంది కాబట్టి, ఎక్కువ ప్రమాదం చివరి రోజుల్లో సేవ చేసినవాళ్ళకి, ఐసీయూలో గొట్టాలు వేసినవాళ్ళకి, శవాన్ని ముట్టుకున్నవాళ్ళకి. సోకిన తర్వాత 2 నుంచి 21 రోజుల్లోపు లక్షణాలు కనబడతాయి. ఆమోదం పొందిన టీకా లేదు, మందూ లేదు. ఎబోలాకు వాడే ఎర్వెబో టీకా దీనిమీద పనిచేయదు. ఇదివరకటి విజృంభణల్లో మరణాల రేటు 24 నుంచి 88 శాతం దాకా నమోదైంది.

ఇంకో దారి కూడా ఉంది. ఈ వైరస్ పళ్ళు తినే ఒక జాతి గబ్బిలాల్లో ఉంటుంది. అవి గుహల్లో, గనుల్లో గుంపులుగా కాపురముంటాయి. 2008లో ఉగాండాలోని పైథాన్ గుహ చూసొచ్చిన నెదర్లాండ్స్ పర్యాటకురాలు ఈ జబ్బుతోనే చనిపోయింది. అదే గుహకు వెళ్ళొచ్చిన ఒక అమెరికా మహిళకీ సోకింది, ఆమె బతికింది. ఇద్దరికీ ఆసుపత్రిలో సోకలేదు, గుహలోనే సోకింది. రువాండాలో మొదటి రోగికి కూడా గబ్బిలాలున్న గనిలోనే సోకిందని తర్వాత తేలింది, అక్టోబర్ 8న మాకా సంగతి తెలియదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. లక్షణాలు లేనివాడి నుంచి కూడా సోకే జబ్బయితే, గాలిలో పాకే జబ్బయితే, ఈ తర్కమంతా మార్చుకోవాలి. 2020లో కోవిడ్ విషయంలో "నేను జాగ్రత్తగా ఉంటాను" అన్న మాటకు విలువ లేకపోయింది అందుకే. పక్క సీటులో కూర్చున్న ఆరోగ్యవంతుడే అంటించగలడు. 2016లో జికా వ్యాపించినప్పుడు లెక్క ఇంకో రకం. దోమ ఎవరినైనా కుడుతుంది, కానీ అసలు నష్టం కడుపులోని బిడ్డకి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణుల్ని మాత్రం జికా ఉన్న ప్రాంతాలకు వెళ్ళొద్దంది. కాబట్టి ఏ కొత్త జబ్బు పేరు విన్నా నేను ముందు వెతికేవి రెండు: ఎప్పుడు అంటుతుంది, ఎవరికి ఎక్కువ చేటు చేస్తుంది. ఎన్ని కేసులన్నది ఆ తర్వాత.

రెండు సంస్థలు, రెండు మాటలు

ఆయన ఫోన్‌లో రెండు వార్తలు సిద్ధంగా పెట్టుకొచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రువాండాకు రాకపోకలు ఆపొద్దంటోంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మాత్రం అక్టోబర్ 7న హెచ్చరికను మూడో స్థాయికి పెంచి, అవసరం లేని ప్రయాణం మానుకోవడం గురించి ఆలోచించమంది. "ఎవరి మాట వినాలి? వీళ్ళలో వీళ్ళకే పడటం లేదు కదా" అన్నారాయన విసుగ్గా.

వాళ్ళ మధ్య తగువేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట్లాడేది ప్రభుత్వాలతో. సరిహద్దులు మూస్తే సాయం, సిబ్బంది, సరుకులు చేరవు, జబ్బు బయటపడిందని నిజం చెప్పిన దేశానికి శిక్ష పడుతుంది, రేపు ఇంకో దేశం దాచిపెడుతుంది. సీడీసీ మాట్లాడేది తన పౌరుడితో, నీకు అంత అవసరమా అని. మొదటి మాట విని "అయితే నేను వెళ్ళొచ్చన్నమాట" అనుకోవడం, రెండో మాట విని "ఆ దేశమంతా అంటుజబ్బే" అనుకోవడం, రెండూ పొరపాట్లే. ఇది చెప్పాక ఆయన ఫోన్ బోర్లించి బల్ల మీద పెట్టేశారు. అప్పుడు అసలు పని మొదలైంది.

ఆమె సంగతి

నేను కాగితం తీసి, అక్కడ ఆమె రోజు ఎలా గడుస్తుందో గంట గంటకీ చెప్పమన్నాను. పొద్దున ఆపరేషన్ థియేటర్, మధ్యాహ్నం ఐసీయూ రౌండ్లు, సాయంత్రం క్లాసు. థియేటర్లో ఏం చేస్తారని అడిగితే, జూనియర్లు రోగికి ఇంట్యుబేషన్ (నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం వేయడం) చేస్తుంటే పక్కన నిలబడి చెయ్యి పట్టి నేర్పుతానన్నారు. చెబుతూ చెబుతూ ఆవిడే ఆగిపోయారు. రోగి నోటికి అడుగు దూరంలో, లాలాజలం, రక్తం తగిలే చోట, పని ఇంకా రాని చేతుల పక్కన నిలబడటం! మార్బర్గ్ రోగికి మొదట్లో వచ్చేది జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు. మలేరియా అనుకునో, కడుపు నొప్పి చూసి ఆపరేషన్ కేసనుకునో లోపలికి తీసుకుంటే, నిజం తెలిసేలోపు ఎంతమంది చేతులు మారుతుందో ఆమెకు నేను వివరించనక్కర్లేదు.

ఆమె బాధ వేరు. "అక్కడ నాలాంటివాళ్ళే జబ్బుపడుతుంటే, ఇప్పుడు నేను వెనక్కి తగ్గితే ఏం బాగుంటుందండీ?" ఈ మాట తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. నేను ఆమెను అడిగింది ఒక్కటే: మీరు వెళ్తున్నది రోగులకు సాయానికా, శిక్షణకా? విజృంభణలో పనిచేయడానికి వెళ్ళేవాళ్ళకు రక్షణ దుస్తులు వేసుకోవడం, విప్పడం రోజుల తరబడి నేర్పుతారు. జబ్బుపడితే ఎవరు, ఎక్కడికి తీసుకెళ్తారో ముందే రాసుకుంటారు. శిక్షణకు వచ్చిన అతిథికి అవేవీ ఉండవు. పైగా కరువులో ఉన్న గ్లవ్స్, గౌన్లలో వాటా అడుగుతారు, కాంటాక్టుల జాబితాలో ఒక పేరు పెంచుతారు.

టీకా గురించి కూడా అడిగారు. సాబిన్ అనే టీకా పరిశోధన సంస్థ తెచ్చిన మార్బర్గ్ టీకా ట్రయల్ అక్టోబర్ 6న కిగాలీలో మొదలైంది, వైద్య సిబ్బందికి వేస్తున్నారు. అది ప్రయోగదశలో ఉన్న టీకా. మనుషుల్లో ఎంత కాపాడుతుందో అప్పటికి రుజువు లేదు. దాని మీద భరోసా పెట్టుకుని ఐసీయూలోకి వెళ్ళే ప్రణాళిక నేను రాసివ్వలేనని చెప్పాను.

వద్దని మాత్రం అనలేదు. ఆతిథ్యమిస్తున్న విభాగానికే రాసి, ఈ నెలలో నేను రావడం మీకు ఉపయోగమా, బరువా అని అడగమన్నాను. ఈ ప్రశ్న వేయడం చాలామందికి తోచదు. టికెట్, వీసా, సెలవు అన్నీ మన వైపు నుంచే లెక్కేసుకుంటాం. రెండు రోజుల్లో జవాబొచ్చింది: ముందే ఖాయమైన ఆపరేషన్లు చాలావరకు వాయిదా వేశాం, శిక్షణ ఆపేశాం, క్లాసులు ఆన్‌లైన్‌లో చెప్పగలిగితే మేలు చేసినవారవుతారు. ఆమె టికెట్ వాయిదా వేసుకున్నారు.

ఆయన సంగతి

ఆయన కాగితం చాలా తేలిగ్గా నిండింది. హోటల్, ఆఫీసు, కారు, మళ్ళీ హోటల్. వారాంతంలో ఉత్తరాన గొరిల్లాల పార్కు, దారిలో ముసాంజే గుహలు. ఆ చివరి మాట దగ్గర పెన్ను ఆపాను. గుహ కొట్టేశాం. మిగిలిన రోజులో మార్బర్గ్ రోగి స్రావాలు తగిలే సందర్భం వెతికితే దొరకలేదు. అంటే ఆ వైరస్ ఆయనకు సోకే అవకాశం చాలా తక్కువ. ఇక్కడితో ముగించి "వెళ్ళిరండి" అనేసే సలహాలు నేను చూస్తూనే ఉన్నాను. కానీ నా అనుభవంలో, విజృంభణ జరుగుతున్న చోటికి మామూలు పని మీద వెళ్ళేవాడి ప్రణాళికలో ఉండాల్సింది ఇంకో ప్రశ్న: అక్కడుండగా మీకు జ్వరం వస్తే?

ఏ జ్వరమైనా సరే. మలేరియా, టైఫాయిడ్, ఫ్లూ, ఏదో ఒకటి. మామూలు రోజుల్లో అయితే డాక్టరు దగ్గరికెళ్ళి, రక్తపరీక్ష చేయించుకుని, మందేసుకుంటారు. విజృంభణ రోజుల్లో జ్వరమున్న విదేశీయుడు ముందు అనుమానిత రోగి, తర్వాతే మనిషి. విమానాశ్రయంలో థర్మామీటర్ దాటనివ్వదు. ఐసోలేషన్‌లో పెడతారు, రక్తం ప్రత్యేక జాగ్రత్తలతో తీస్తారు, మామూలు మలేరియా పరీక్ష ఫలితం కూడా ఆలస్యమవుతుంది. మలేరియాల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఫాల్సిపేరం రకానికి ఆ ఆలస్యమే ప్రాణాంతకం కావచ్చు. ప్రయాణ బీమా చేతిలో ఉంది కదా అంటారు. ప్రభుత్వ హెచ్చరికను కాదని వెళ్తే చెల్లదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. మామూలు ఎయిర్ అంబులెన్స్ కంపెనీలు ఇలాంటి అనుమానిత కేసును ఎక్కించుకోవు. ఆ అక్టోబర్ 2నే రువాండా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి వచ్చి రైల్లో హాంబర్గ్ చేరిన ఒక వైద్య విద్యార్థికి నలతగా ఉందని తెలిసి స్టేషన్‌లో ప్లాట్‌ఫారాలు మూసేశారు, రక్షణ దుస్తుల్లో వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పరీక్షలో మార్బర్గ్ లేదని తేలింది.

కాబట్టి ఆయనకు నేనిచ్చిన మందుల చీటీలో మార్బర్గ్ కోసం ఏమీ లేదు. అంతా మార్బర్గ్‌లా కనబడే జ్వరాల కోసమే. మలేరియా రాకుండా అటోవాక్వోన్–ప్రోగ్వానిల్: బయల్దేరే ముందురోజు మొదలుపెట్టి, ఉన్నన్నాళ్ళూ రోజూ ఒకటి, తిరిగొచ్చాక మరో 7 రోజులు. కిగాలీ ఎత్తు మీద ఉంది కదా దోమలుంటాయా అన్నారు. ఉంటాయి, మలేరియా కూడా ఉంటుంది. టైఫాయిడ్ సూది, ఫ్లూ టీకా ఆ రోజే వేశాం, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది గనుక. బయటి తిండి, నీళ్ళ విషయంలో మామూలుకన్నా గట్టిగా చెప్పాను. కడుపు చెడి ఒళ్ళు వెచ్చబడినా అదే ఐసోలేషన్ గది.

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. ఆవిడ తల్లి వీళ్ళతోనే ఉంటారు, రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. ఈ ఒక్క వివరంతో తిరిగొచ్చాక చేయాల్సిన ఏర్పాటంతా మారిపోయింది. ప్రయాణికుడు ఒక్కడే వచ్చి కూర్చున్నా, ఇంట్లో ఎదురుచూసేవాళ్ళ ఆరోగ్యం కూడా ఆ కాగితంలోకి ఎక్కాలి.

ఆయన తన ప్రయాణాన్ని రెండు వారాల నుంచి 6 రోజులకు కుదించుకున్నారు. సమావేశాల్లో ముఖాముఖి తప్పనివి ఎన్నని అడిగితే మూడే తేలాయి. టికెట్ డబ్బు తిరిగొచ్చే రకానికి మార్చుకున్నారు. అది నేను పట్టుబట్టి చేయించాను. డబ్బు పోతుందన్న బాధ మనిషి తీర్పును ఎలా వంచుతుందో ఎన్నోసార్లు చూశాను. తర్వాత, విమానానికి 48 గంటల ముందు ఫోన్లో మళ్ళీ మాట్లాడుకోవాలని, ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా మారుమాట లేకుండా ఆగిపోవాలని రాసుకున్నాం: ఎవరి నుంచి సోకిందో తెలియని కేసులు ఆసుపత్రుల బయట కనబడటం, విమానయాన సంస్థలు సర్వీసులు ఆపడం, తిరిగొచ్చేవాళ్ళందరినీ నిర్బంధంగా క్వారంటైన్‌లో పెట్టాలని స్వదేశంలో ఆదేశం రావడం. అప్పటికప్పుడు వార్త చూసి భయపడో, ధైర్యం తెచ్చుకునో తీసుకునే నిర్ణయం కన్నా, తల చల్లగా ఉన్నప్పుడు రాసుకున్న షరతు ఎంతో నయం. కేసుల సంఖ్య పెరగడాన్ని షరతుగా పెట్టలేదు. నిఘా బాగుంటే మొదట్లో సంఖ్య పెరగాలి కూడా. పెరిగినవాళ్ళు ముందే కాంటాక్టుల జాబితాలో ఉన్నారా లేదా అన్నదే చూడాలి.

అక్టోబర్ 22న ఫోన్లో చూసుకున్నాం. కొత్త కేసులు బాగా తగ్గాయి, మూడు షరతుల్లో ఒక్కటీ రాలేదు. ఆయన వెళ్ళారు.

తిరిగొచ్చాక

అక్కడ ఏ ఇబ్బందీ కాలేదు. కరచాలనాలు మానేశారు, ఆఫీసు గుమ్మంలో ఒంటి వేడి చూసేవారు, ఆసుపత్రుల్లోకి సందర్శకులను ఆపేశారని విన్నారు. అక్టోబర్ 30న ఇంటికి చేరారు. ముప్పున్న చోటికి వెళ్ళలేదు గనుక ఎవరికీ దూరంగా ఉండనక్కర్లేదు, కానీ 21 రోజులు పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూసి రాసుకోవాలి. జ్వరం తగిలితే చేయాల్సింది వరసగా రాసిచ్చాను: అత్తగారి గది వైపు వెళ్ళకూడదు, క్లినిక్‌కి రాకూడదు, ముందు ఫోన్ చేయాలి.

తొమ్మిదో రోజు రాత్రి ఫోన్ వచ్చింది. "డాక్టరు గారూ, జ్వరం 38.4 సెల్సియస్ ఉంది. ఒళ్ళంతా నొప్పులు. గదిలో తలుపేసుకుని కూర్చున్నాను." గొంతులో వణుకు తెలుస్తోంది. గుహకు వెళ్ళారా, ఎవరికైనా జబ్బుగా ఉంటే చూడటానికి వెళ్ళారా, అంత్యక్రియలకు వెళ్ళారా అని మళ్ళీ అడిగాను. అన్నిటికీ లేదన్నారు. ముక్కు కారుతోందా అంటే అవునన్నారు. నాకు లోలోపల ఫ్లూ అనిపించింది. అనిపించడం వేరు. 21 రోజుల్లోపు జ్వరం కాబట్టి ప్రజారోగ్య అధికారులకు చెప్పాను. సిద్ధంగా ఉన్న ఆసుపత్రికి ప్రత్యేక అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు, నేరుగా పక్కద్వారం నుంచి గదిలోకి.

మలేరియా ర్యాపిడ్ పరీక్ష మంచం పక్కనే చేశారు, లేదని వచ్చింది. మాత్రలు ఒక్కటీ తప్పలేదని ఆయన స్ట్రిప్ చూపించారు. గంటల్లోనే ఫ్లూ ఎ అని తేలింది. టీకా వేసుకున్నా కొందరికి వస్తుంది, తేలిగ్గా పోతుంది. మార్బర్గ్ పీసీఆర్ కూడా నెగెటివ్. ఇక పంపించేయండి అన్నారాయన. కుదరదు. జ్వరం మొదలైన 72 గంటల్లోపు తీసిన రక్తంలో ఈ వైరస్ దొరక్కపోవచ్చు, కాబట్టి మూడు రోజుల తర్వాత మళ్ళీ పరీక్ష చేయాలి. ఫ్లూ ఉన్నంత మాత్రాన ఇంకోటి లేదని రుజువు కాదు. ఆ మూడు రోజులు గది గోడలు చూస్తూ గడపడం ఆయనకు చాలా కష్టమైంది. రెండో పరీక్ష కూడా నెగెటివ్ రాగానే విడుదల చేశారు.

ఆ ఇంట్లో నిజంగా అపాయంలో పడింది అత్తగారు. కీమోలో ఉన్నవాళ్ళకు ఫ్లూ తేలిక జబ్బు కాదు. ఆయన మొదటి గంటలోనే తలుపేసుకోవడం వల్ల దగ్గరగా మసిలింది తక్కువ. ఆమె క్యాన్సర్ వైద్యుడితో మాట్లాడి ఫ్లూ మందు ఓసెల్టామివిర్ నివారణ మోతాదు మొదలుపెట్టాం. ఆమెకు జ్వరం రాలేదు.

వైద్యురాలి ప్రయాణం

డిసెంబర్ 20న రువాండాలో విజృంభణ ముగిసిందని ప్రకటించారు. చివరి రోగికి పరీక్షల్లో నెగెటివ్ వచ్చాక 42 రోజులు, అంటే సోకాక లక్షణాలు కనబడటానికి పట్టే గరిష్ఠ కాలానికి రెండింతలు, కొత్త కేసు లేకుండా గడిస్తేనే అలా ప్రకటిస్తారు. మొత్తం 66 కేసులు, 15 మరణాలు. జబ్బుపడినవాళ్ళలో దాదాపు 80 శాతం వైద్య సిబ్బంది. మరణాల రేటు 23 శాతం దగ్గర ఆగింది. మార్బర్గ్ చరిత్రలో అది చాలా తక్కువ, రోగుల్ని తొందరగా గుర్తించి ఐసీయూ స్థాయి చికిత్స ఇవ్వడం ఎంత పనిచేస్తుందో చూపింది. వెంటిలేటర్ మీదికి వెళ్ళిన ఇద్దరు రోగులు కోలుకుని గొట్టం తీయించుకున్నారు. ఆ వార్త చదివి ఆమె నాకు మెసేజ్ పెట్టారు, ఆ విభాగం వాళ్ళ దగ్గర ఇప్పుడు నేను నేర్చుకోవాల్సి ఉంటుందని.

కొత్త సంవత్సరంలో, ఫిబ్రవరిలో వెళ్ళడానికి మళ్ళీ వచ్చారు. ఈసారి కాగితం మీద అవే గంటలు, అదే థియేటర్, అదే ఐసీయూ. మలేరియా మాత్రలు రాశాను. రక్తం, లాలాజలం ముఖం మీద చిమ్మితే ఎవరికి చెప్పాలి, సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ నివారణ మందు అక్కడ ఎన్ని గంటల్లో దొరుకుతుంది అన్నవి ఆతిథ్య విభాగాన్ని అడిగి రాయించుకున్నాం. హెపటైటిస్ బి యాంటీబాడీలు చూస్తే తక్కువగా ఉన్నాయి, బూస్టర్ వేసి పంపాం.